తెనాలి–రేపల్లె లైన్‌కి బాపట్ల నుంచి సమాంతర రేఖ గీస్తే ఎక్కడ తేలతాం? | సరళరేఖలు

ఈ ఎపిసోడ్ మాథ్స్ గురించే, కానీ సగం మా బాబాయి పొలం గొడవ గురించి. రెండేళ్లు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోకుండా ఉండటానికి కారణం ఒక సమాంతర రేఖ అంటే నమ్ముతారా? నమ్మాల్సిందే. అక్కడికి వెళ్లేముందు మన ఊళ్లతో మొదలుపెడదాం.

ఫోన్‌లో మ్యాప్ తెరిచి తెనాలి మీద వేలు నొక్కి పట్టుకోండి. ఒక పిన్ పడుతుంది, దాని కింద రెండు నంబర్లు వస్తాయి. ఒకటి 16 పాయింట్ ఎంతో, ఇంకొకటి 80 పాయింట్ ఎంతో. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఇవే మన నిరూపకాలు. కాకపోతే డిగ్రీల్లో ఉన్నాయి, మనకి కిలోమీటర్లు కావాలి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో ఒక డిగ్రీ మన దగ్గర సుమారు 107 కిలోమీటర్లే. ఎందుకు తక్కువ అంటే, రేఖాంశాలు ధ్రువాల దగ్గరికి వెళ్లేకొద్దీ దగ్గరవుతూ ఉంటాయి కాబట్టి. మనం భూమధ్యరేఖకి 16 డిగ్రీలు పైన ఉన్నాం, ఆ మేరకు కొంచెం తగ్గింది. భూమి గుండ్రంగా ఉంది కదా అని అడగకండి, ఇంత చిన్న ప్రాంతాన్ని చదునుగా అనుకున్నా మన లెక్కకి వచ్చే నష్టం ఏమీ లేదు.

ఇప్పుడు తెనాలిని మూలబిందువు అనుకుందాం, అంటే (0, 0). తూర్పు వైపు ఎక్స్, ఉత్తరం వైపు వై. నేను పిన్ పెట్టిన చోట్లని బట్టి లెక్కేస్తే రేపల్లె తెనాలికి సుమారు 20 కిలోమీటర్లు తూర్పుకి, 25 కిలోమీటర్లు దక్షిణానికి ఉంది. అంటే (20, −25). బాపట్ల 18 కిలోమీటర్లు పడమరకి, 38 కిలోమీటర్లు దక్షిణానికి. అంటే (−18, −38). పాయింట్ల తర్వాత అంకెల్ని వదిలేశాను, మీ పిన్ బస్టాండ్ దగ్గర పెట్టారా స్టేషన్ దగ్గర పెట్టారా అన్నదాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

తెనాలి నుంచి రేపల్లెకి రైలు లైన్ ఉందని ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోయే బ్రాంచి లైన్. 1916లో వేశారు. పట్టాల మీద దూరం దాదాపు 34 కిలోమీటర్లు. మనం మాత్రం వంపులన్నీ తీసేసి, తెనాలి చుక్క నుంచి రేపల్లె చుక్కకి స్కేలు పెట్టి గీత గీస్తున్నాం. దాని పొడవు 20 స్క్వేర్, 25 స్క్వేర్ కలిపి రూట్ తీస్తే 32. పట్టాలకీ మన గీతకీ రెండు కిలోమీటర్లే తేడా. రైల్వే వాళ్లు బాగానే తిన్నగా వేశారు.

ఈ గీత వాలు ఎంత? 20 కిలోమీటర్లు కుడికి వెళ్తే 25 కిలోమీటర్లు కిందకి దిగాం. కాబట్టి వాలు −25/20, అంటే −5/4. మూలబిందువు గుండా పోతోంది కాబట్టి సమీకరణం వై = −(5/4) ఎక్స్. భిన్నం ఎందుకులే అని 4తో గుణించి ఒకవైపుకి తెస్తే 5ఎక్స్ + 4వై = 0. ఇది తెనాలి–రేపల్లె లైన్.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ లైన్‌కి సమాంతరంగా, బాపట్ల గుండా పోయే రేఖ సమీకరణం ఏంటి?

సమాంతరం అంటే ఎప్పటికీ కలవవు అని చిన్నప్పుడు చెప్పించుకున్నాం. అది నిజమే కానీ లెక్క చేయడానికి పనికిరాదు, ఎందుకంటే అనంతం దాకా వెళ్లి చూసొచ్చేవాడు లేడు. లెక్కకి పనికొచ్చే మాట ఏంటంటే, రెండూ ఒకే వాలుతో వంగి ఉండాలి. తెనాలి నుంచి బయల్దేరినవాడు ప్రతి 4 కిలోమీటర్ల తూర్పుకీ 5 కిలోమీటర్లు దక్షిణానికి దిగుతుంటే, బాపట్ల నుంచి బయల్దేరినవాడు కూడా సరిగ్గా అలాగే దిగాలి. బయల్దేరిన చోటు మాత్రమే వేరు, నడక ఒకటే.

సో వాలు మళ్లీ −5/4. వై = −(5/4) ఎక్స్ + సి అని రాద్దాం. సి తెలీదు. బాపట్ల ఈ గీత మీద ఉంది కాబట్టి ఎక్స్ చోట −18, వై చోట −38 పెట్టాలి. −5/4 ఇంటూ −18 అంటే ప్లస్ 22.5. అంటే −38 = 22.5 + సి. సి = −60.5. దీన్ని 4తో గుణించి సర్దితే 5ఎక్స్ + 4వై + 242 = 0.

మొదటి లైన్ పక్కన పెట్టి చూడండి. 5ఎక్స్ + 4వై + 0 = 0. రెండోది 5ఎక్స్ + 4వై + 242 = 0. ముందున్న 5, 4 కదల్లేదు. చివరి నంబర్ ఒక్కటే మారింది. ఇంటర్‌లో సార్లు "ఏ, బీ అలాగే ఉంచి సీ ఒక్కటే మార్చండి" అనేది ఇదే. వాలు −ఏ/బీ కాబట్టి, ఏ, బీ మారకపోతే వాలు మారదు. ఇది తెలిశాక భిన్నాలతో కుస్తీ పట్టే పని లేదు. 5ఎక్స్ + 4వైలో బాపట్లని పెట్టేస్తే 5 ఇంటూ −18, అంటే −90. 4 ఇంటూ −38, అంటే −152. మొత్తం −242. కాబట్టి 5ఎక్స్ + 4వై = −242. ఒక్క లైన్‌లో అయిపోయింది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి 180 నిమిషాలు, అందులో 80 మాథ్సే. ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొన్ని సెకన్లు. పై పద్ధతి కాకుండా ఈ పద్ధతి ఎందుకు అలవాటు చేసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

ఈ కొత్త గీత ఎటు పోతుందో మ్యాప్ మీద చూస్తే భలే ఉంటుంది. బాపట్ల నుంచి వెనక్కి, అంటే వాయవ్యం వైపు పొడిగిస్తే పెదనందిపాడు దరిదాపులకి పోతుంది. 1921–22లో పన్నుల నిరాకరణ ఉద్యమం జరిగిన ఊరు అదే. ముందుకి పొడిగిస్తే కాసేపట్లోనే బీచ్ దాటి బంగాళాఖాతంలోకి దిగిపోతుంది. తెనాలి–రేపల్లె రైలుకి సమాంతరంగా బాపట్ల నుంచి ఒక రైలు వేస్తే, పాపం, అది సముద్రంలోకి పోతుందన్నమాట.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. రెండు గీతల మధ్య దూరం ఎంత? సి విలువలు చూశారు కదా, ఒకటి 0, రెండోది −60.5. కాబట్టి దూరం 60.5 కిలోమీటర్లు. చాలామంది ఇదే రాస్తారు. తప్పు. పెద్ద తప్పు. ఈ తప్పు విలువ ఎంతో మా బాబాయిని అడగాలి.

రేపల్లె వైపు మా బాబాయికి కొంచెం పొలం ఉంది. దాని ముందు పక్కవాళ్ల పొలం, ఆ పొలానికి ఆనుకుని కాలవ కట్ట. బాబాయి కొన్నప్పుడు కాగితంలో ఏం రాసుకున్నారంటే, కాలవ కట్ట వెంట 20 అడుగుల దారి వదలాలని. ముందు పొలం ఆయన మంచివాడే, వదలను అనలేదు. ఇద్దరూ కలిసే కొలిచారు. కట్ట అంచు నుంచి కంచె వెంట టేపు పట్టుకుని ఈ చివర 20 అడుగులు, ఆ చివర కూడా గట్టు వెంట 20 అడుగులు. రెండు చోట్లా హద్దు రాళ్లు పాతారు. మధ్యలో తాడు కట్టారు. కట్టకి సమాంతరంగా బ్రహ్మాండంగా వచ్చింది.

కోతల టైములో కోత మిషన్ వచ్చింది, వెనకాల ధాన్యానికి ట్రాక్టర్ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తప్పుకోలేకపోయాయి. 20 అడుగుల్లో ఎందుకు పట్టవని బాబాయికి అనుమానం. రాయి జరిపావని ఆయనని అన్నాడు. ఆయన రోషపడి టేపు తెచ్చి కంచె వెంట కొలిచి చూపించాడు, సరిగ్గా 20. "నన్ను దొంగని చేశావు" అన్నాడాయన. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు. పెళ్లికి పిలుపు లేదు, చావుకి పలకరింపు లేదు. రెండేళ్లు.

సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు బాబాయి ఈ కథంతా చెప్పి, "టేపు అబద్ధం చెప్పదు కదరా, మరి దారి ఎందుకు చాల్లేదు?" అన్నాడు. వెళ్లి చూశాను. కంచె ఉత్తరం దక్షిణంగా నిటారుగా ఉంది. కాలవ మాత్రం ఏటవాలుగా పోతోంది. సుమారుగా 4 అడుగులు తూర్పుకి పోతే 3 అడుగులు ఉత్తరానికి ఎక్కుతోంది.

పేపర్ మీద పెడదాం. కంచె, కట్ట కలిసే మూల (0, 0). కట్ట అంచు వాలు 3/4, కాబట్టి వై = (3/4) ఎక్స్, అంటే 3ఎక్స్ − 4వై = 0. కంచె అంటే వై అక్షం. దాని మీద 20 అడుగులు కొలిచారు కాబట్టి రాళ్ల గీత వై = (3/4) ఎక్స్ + 20. అంటే 3ఎక్స్ − 4వై + 80 = 0. వాలు ఒకటే, రేఖలు సమాంతరమే, అందులో ఏ గొడవా లేదు. కానీ దారి వెడల్పు అంటే కంచె వెంట దూరం కాదు. దారికి అడ్డంగా, కట్టకి మూలమట్టం పెట్టినట్టు లంబంగా ఉండే దూరం. బండి పట్టాలా వద్దా తేల్చేది అదే.

సూత్రం మీకు తెలుసు. సీ విలువల తేడాని, ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ కి రూట్ తీసి దాంతో భాగించాలి. తేడా 80. 3 స్క్వేర్, 4 స్క్వేర్ కలిపితే 25, రూట్ 5. ఎనభైని ఐదుతో భాగిస్తే 16. పదహారు అడుగులు! కాగితం మీద 20, నేల మీద 16.

ఈ భాగహారం ఎందుకు వస్తుందో బట్టీ పట్టకుండా చూద్దాం, ఎందుకంటే చాలామందికి సూత్రం వచ్చు, కారణం రాదు. కంచె వెంట 20 అడుగుల గీత ఒకటి గీయండి. కంచె మూల నుంచి రాళ్ల గీతకి లంబంగా ఇంకో గీత గీయండి. ఒక లంబకోణ త్రిభుజం వస్తుంది. అందులో 20 కర్ణం. కట్ట 4 అడుగులు పక్కకి వెళ్లి 3 అడుగులు ఎక్కినప్పుడు దాని సొంత పొడవు 5. మన చిన్న త్రిభుజం కూడా అదే ఆకారం, కాస్త తిప్పి పెట్టారంతే. 5 కర్ణం అయితే 4 భుజం, కాబట్టి 20 కర్ణం అయితే 16 భుజం. కర్ణం ఎప్పుడూ భుజం కంటే పెద్దదే. అంటే ఏటవాలుగా కొలిచిన ప్రతివాడికీ ఉన్నదానికంటే ఎక్కువే కనిపిస్తుంది. మన 60.5 కిలోమీటర్ల సంగతి కూడా ఇంతే. తెనాలి నుంచి నిటారుగా దక్షిణానికి 60.5 కిలోమీటర్లు పోతే సముద్రం మధ్యలో ఆ గీత తగులుతుంది. అసలు దూరం 242ని రూట్ 41తో భాగిస్తే, సుమారు 37.8 కిలోమీటర్లే.

ఆ దారి పొడవు 250 అడుగులు. అడ్డంగా 4 అడుగులు తగ్గింది కాబట్టి 1000 చదరపు అడుగులు పోయింది. అంటే 111 గజాలు. సెంటు 435.6 చదరపు అడుగుల లెక్కన రెండుంపావు సెంట్లకు పైమాటే. దొంగతనం ఎవరూ చేయలేదు, టేపుని పట్టుకున్న దిశ చేసింది.

దీన్ని ముందు పొలం ఆయనకి చెప్పడం అసలు కష్టం. ఎందుకంటే 20 అడుగులు కావాలంటే కంచె వెంట 25 కొలవాలి. సీ 100 అయితేనే, 100ని 5తో భాగిస్తే 20 వస్తుంది. వై = (3/4) ఎక్స్ + 25. "కాగితంలో ఇరవై రాసుకుని పాతిక అడుగుతారా?" అంటే ఏం చెప్తాం? ఫోన్‌లో లెక్క చూపిస్తే ఆయన నమ్మలేదు, నాకూ నమ్ముతాడని ఆశ లేదు. తాడు తీసుకున్నాను. తాపీమేస్త్రీలు పునాది వేసేటప్పుడు మూల చూసే పద్ధతే, 3 అడుగులు, 4 అడుగులు, 5 అడుగుల త్రిభుజం. కట్ట అంచున 4, దానికి లంబంగా 3, మధ్యలో 5 సరిపోయేదాకా జరిపి, ఆ లంబం వెంట ఆయన చేతికే టేపు ఇచ్చాను. ఆయనే కొలిచాడు. పదహారు. మళ్లీ ఇంకోచోట కొలిచాడు. పదహారు. కాసేపు ఏమీ అనలేదు. "మరి అప్పుడు ఎవరూ చెప్పలేదేంటి బాబూ" అన్నాడు. పంట తీశాక రాళ్లు మారాయి. బాబాయితో మాటలు మాత్రం వెంటనే రాలేదు, దొంగ అన్నమాట అంత తేలిగ్గా పోదు కదా. ఈ మధ్యే మొదలయ్యాయని పిన్ని ఫోన్‌లో చెప్పింది.

నేనేదో పెద్ద తెలివిగలవాణ్ణని కాదు. ఈ తప్పు చూడగానే గుర్తుపట్టడానికి కారణం, అచ్చం ఇదే తప్పు నేను ఉద్యోగంలో చేశాను. బీటెక్ అయ్యాక మొదటి జాబ్‌లో మ్యాప్ మీద రోడ్లు గీసే పని ఒకటి నాకు ఇచ్చారు. రోడ్డు మధ్య గీత ఉంటుంది, దానికి రెండు పక్కలా సమాంతర గీతలు వేయాలి. నేను వై = ఎంఎక్స్ + సి తీసుకుని సికి కొంచెం కలిపాను, కొంచెం తీసేశాను. సింపుల్ అనుకున్నా. తూర్పు పడమరల రోడ్లు బాగా వచ్చాయి. ఏటవాలు రోడ్లు సన్నబడిపోయాయి. వాలు పెరిగేకొద్దీ రోడ్డు దారంలా అయిపోయింది. ఉత్తరం దక్షిణంగా నిటారుగా ఉన్న రోడ్డు వచ్చేసరికి ప్రోగ్రామ్ క్రాష్. ఎందుకంటే నిటారు గీతలో ఎక్స్ మారదు, వాలు లెక్క కట్టబోతే సున్నాతో భాగహారం. మా సీనియర్ అక్క చూసి, "ఇంటర్ మాథ్స్ మర్చిపోయావా?" అని ఒక్కటే అంది. ఆ మాట ఇంకా గుర్తుంది.

అందుకే వాలు పద్ధతి కంటే ఏఎక్స్ + బీవై + సీ = 0 రూపం నాకు ఇష్టం. నిటారు గీత అయితే బీ సున్నా అవుతుంది, అంతే, ఏమీ కూలిపోదు. ఎక్స్ = 7 కి సమాంతరంగా బాపట్ల గుండా పోయే గీత కావాలంటే ఎక్స్ = −18. వాలు "లేదు" అని భయపడాల్సిన పని లేదు.

పరీక్షలో ఇంకో గోతి ఉంది. రెండో రేఖని వాళ్లు కావాలనే 10ఎక్స్ + 8వై + 484 = 0 అని ఇస్తారు. మొదటిది 5ఎక్స్ + 4వై = 0. వాలు రెండింటికీ −5/4, సమాంతరమే. కానీ దూరం కోసం 484ని తీసుకెళ్లి రూట్ 41తో భాగిస్తే 75 పైన వస్తుంది, ఆ తప్పు జవాబు ఆప్షన్లలో పక్కాగా ఉంటుంది. ముందు రెండోదాన్ని 2తో భాగించి 5, 4 చేసుకోవాలి. గుణకాలు ఒకటయ్యాకే సీలని పోల్చాలి. సీ కూడా ఒకటే అయిపోతే అవి సమాంతర రేఖలు కావు, ఒకే రేఖని రెండుసార్లు రాశారన్నమాట.

గుర్తు సంగతి కూడా చెప్పాలి. మన లైన్‌లో బాపట్లని పెడితే −242 వచ్చింది. మచిలీపట్నం పెట్టి చూద్దామా? అది తెనాలికి తూర్పుగా సుమారు 53, దక్షిణానికి 6 కిలోమీటర్లు. 5 ఇంటూ 53 అంటే 265, 4 ఇంటూ −6 అంటే −24. మొత్తం ప్లస్ 241. గుర్తు మారింది అంటే మచిలీపట్నం గీతకి అవతలి పక్క ఉందని. దాని గుండా సమాంతర రేఖ 5ఎక్స్ + 4వై − 241 = 0. ఒకపక్క 242, ఇంకోపక్క 241! బాపట్ల గీతకీ బందరు గీతకీ దాదాపు నట్టనడుమ మన రేపల్లె లైన్ ఉంది. వీడియో కోసం లెక్క వేస్తుంటే తేలింది ఇది, నేను కావాలని కుదర్చలేదు.

సరదాకి ఇంకోటి. అసలు పట్టాలే సమాంతర రేఖలు కదా. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల లోపలి అంచుల మధ్య 1676 మిల్లీమీటర్లు. ఒక పట్టా 5ఎక్స్ + 4వై = 0 అయితే, రెండోదానికి సీ ఎంత ఉండాలి? దూరాన్ని రూట్ 41తో గుణించాలి, ఈసారి వెనక్కి వెళ్తున్నాం. 1.676 ఇంటూ 6.403 అంటే 10.73 మీటర్లు. కిలోమీటర్లలో 0.0107. అంటే 5ఎక్స్ + 4వై + 0.0107 = 0. గేజ్ కొలిచేవాళ్లు పట్టాకి అడ్డంగా లంబంగానే కొలుస్తారు, ఏటవాలుగా కొలిస్తే ఏమవుతుందో బాబాయి దారి చూశాం కదా.

మీకు వదిలేస్తున్న లెక్క ఇది. బాపట్ల (−18, −38), రేపల్లె (20, −25). ఈ రెండింటినీ కలిపే గీతకి సమాంతరంగా తెనాలి గుండా పోయే రేఖ రాయండి. వాలు 13/38 రావాలి. రాసేముందే సీ ఎంతో చెప్పగలరేమో చూడండి, తెనాలిని మనం ఎక్కడ పెట్టామో గుర్తుంటే చెప్పేయొచ్చు. తర్వాత ఆ రెండు గీతల మధ్య దూరం. నాకు 30 కిలోమీటర్లకి కొంచెం పైన వచ్చింది.